అలరాజును ఏ గడిలో పెట్టాలి?

విజయవాడ మొగల్రాజపురంలోని మా ఇంటి మేడ గదిలో ఆరేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. మా మేనత్త కొడుకు, నాకు బావ, గుంటూరు బ్రాడీపేట నుంచి రైల్లో వస్తాడు. పిన్ని కూతురు అక్క సత్యనారాయణపురం నుంచి స్కూటర్ మీద వస్తుంది. నరసరావుపేట నుంచి వచ్చి ఇక్కడి పాఠశాలలో తెలుగు చెబుతున్న ఒక మిత్రుణ్ని మేమందరం మాస్టారు అనే పిలుస్తాం. ఇంజనీరింగ్ చదువుతున్న మా తమ్ముడు అందరిలో చిన్నవాడు. కథ నడిపే డంజన్ మాస్టర్ బాధ్యత నాది. ఈ ఆరేళ్లలో మా మధ్య వచ్చిన గట్టి తగవు ఒక్కటే. అది పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ పైభాగాన ‘అలైన్‌మెంట్’ అని రాసి ఉండే చిన్న గడి గురించి వచ్చింది. ఆ గడిని మేము చివరికి ఎందుకు కొట్టివేశామో, దాని స్థానంలో ఏం రాసుకున్నామో చెప్పడానికే ఈ టపా రాస్తున్నాను.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఇందులో ప్రతి ఆటగాడూ ఒక పాత్రను ధరిస్తాడు. డంజన్ మాస్టర్ పరిస్థితిని వర్ణిస్తాడు, తన పాత్ర ఏం చేస్తుందో ఆటగాడు చెబుతాడు, ఫలితం ఏమవుతుందో తెలియని చోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. పాత్ర నైతిక స్వభావాన్ని అలైన్‌మెంట్ అంటారు. దానికి రెండు కొలతలున్నాయి. ఒకటి, ఆ పాత్ర నియమానికి కట్టుబడే లాఫులా, కట్టుబాట్లను లెక్కచేయని కెయాటికా, లేక మధ్యస్థంగా ఉండే న్యూట్రలా అన్నది. రెండోది, ఆ పాత్ర మంచిదా, చెడ్డదా, మధ్యస్థమా అన్నది. మూడు మూళ్లు తొమ్మిది గడులు. ఆట మొదలుపెట్టకముందే ఆటగాడు వాటిలో ఒకదాన్ని ఎంచుకుని షీట్ మీద రాయాలి.

బావ పాత్ర పాలడిన్, అంటే దైవం ముందు ప్రమాణం చేసి ఆయుధం పట్టిన వీరుడు. అతని షీట్ మీద ‘లాఫుల్ గుడ్’ అని ఉండేది. మా కథ జరిగేది ఒక పెద్ద నది ఒడ్డున ఉన్న రాజ్యంలో. దానికి ఎగువన కొండ మీద శత్రువుల కోట ఉంది. ఆ కోటకు దొంగదారి తెలిసిన ఒక బందిపోటు మా వాళ్ల చేతికి చిక్కాడు. దారి చూపిస్తే నీ ప్రాణానికి నాది పూచీ అని పాలడిన్ అతని చేతిలో చెయ్యి వేసి చెప్పాడు. బందిపోటు దారి చూపించాడు, కోట పడింది. మరుసటి ఆదివారం నేను కథలోకి రాజాజ్ఞ తెచ్చాను. రేవు పక్కనున్న పల్లెను తగలబెట్టినవారిలో ఎవరు దొరికినా ఉరి తీయాలని ఆ ఆజ్ఞ సారాంశం; ఆ బందిపోటు చేయి కూడా ఆ పనిలో ఉంది. బావ ఎక్కువసేపు ఆలోచించలేదు. ఆ రాత్రి తన పాలడిన్ బందిపోటు కట్లు విప్పి, పడవ ఎక్కించి, నది దాటించాడని చెప్పాడు.

మేము ఆడుతున్నది 2014 నాటి అయిదో ఎడిషన్. అందులో పాలడిన్ తన ప్రమాణానికి జవాబుదారీ గాని, షీట్ మీది గడికి కాదు. అయినా పాత పుస్తకాల మీద ఉన్న మమకారంతో నేను పాత నియమాన్నే మా బల్ల మీద అమలు చేస్తూ వచ్చాను. ధర్మబద్ధుడైన రాజు ఆజ్ఞను ధిక్కరించడం లాఫుల్ పని కాదు గనుక, ప్రాయశ్చిత్తం చేసుకునేవరకు పాలడిన్ శక్తులన్నీ పోయాయని ప్రకటించాను.

“నేను మాట ఇచ్చానురా. మాట తప్పినవాడు లాఫుల్ ఎలా అవుతాడు?” అన్నాడు బావ.

“రాజాజ్ఞ కదా బావా, రాజ్యంలో నియమమంటే అదే కదా” అన్నాను.

“అయితే మాట నియమం కాదా?”

దానికి నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోకుండా, పుస్తకంలో ఉన్న వాక్యాన్ని చదివి వినిపించాను. బావ పాచికలు సంచిలో వేసుకుని సాయంత్రం రైలుకు వెళ్లిపోయాడు. తరువాతి రెండు ఆదివారాలు రాలేదు. ఫోన్ చేస్తే పని ఉందన్నాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి కావడంతో ఆ రెండు మాటలు చెప్పడానికే అతను పడిన ఇబ్బంది నాకు వినిపించింది.

ఆ రెండు వారాలూ నేను ఈ గడి పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ కూర్చున్నాను. అంతవరకు అలైన్‌మెంట్ అంటే మనిషి గుణాన్ని కొలిచే సాధనమని అనుకునేవాణ్ని. మొదట్లో అది అలాంటిది కానేకాదు. గ్యారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ కలిసి 1971లో తెచ్చిన చైన్‌మెయిల్ అనే యుద్ధక్రీడలో, చిన్న చిన్న బొమ్మలతో సేనలను మోహరించడానికి, ఏ జీవి ఏ సేనలో నిలబడగలదో చెప్పే పట్టిక ఉంది. లా ఒక వైపు, కెయాస్ ఒక వైపు, ఎటైనా చేరగలవి మధ్యలో. గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వచ్చినప్పుడు ఆ మూడే అందులోకి వచ్చాయి. విశ్వమంతా ఈ రెండు శక్తుల మధ్య యుద్ధమనే ఊహ పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్‌కాక్ అనే నవలాకారుల నుంచి వచ్చింది. అంటే లాఫుల్ అన్న మాటకు అప్పటి అర్థం నియమశీలుడని కాదు, లా అనే సేనకు చెందినవాడని. తెలుగులో దానికి చక్కని మాట ఉంది. అది పక్షం.

మంచీ చెడూ అందులోకి ప్రవేశించింది 1976 ఫిబ్రవరిలో. ది స్ట్రాటెజిక్ రివ్యూ అనే పత్రికలో గైగాక్స్ ఒక వ్యాసం రాసి, లా, కెయాస్ ఒక గీత మీద, మంచి, చెడు ఇంకో గీత మీద ఉంటాయని బొమ్మ గీసి చూపించాడు. 1977 నాటి బేసిక్ పెట్టెలో అయిదు అలైన్‌మెంట్‌లు ఉండేవి. 1978లో వచ్చిన అడ్వాన్స్‌డ్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటగాళ్ల పుస్తకం నాటికి అవి తొమ్మిదయ్యాయి. అప్పటి నుంచి ఆ గడి పక్షాన్ని కాక గుణాన్ని సూచించడం మొదలైంది. అంతటితో ఆగలేదు. పాలడిన్ లాఫుల్ గుడ్ అయితీరాలి. తెలిసి చెడ్డపని చేస్తే పాలడిన్ హోదా శాశ్వతంగా పోతుంది. కెయాటిక్ పని చేస్తే పై స్థాయి పూజారి ముందు ఒప్పుకుని ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. ప్రతి పాత్ర నడవడి ఏ గడి వైపు జరుగుతోందో పటం మీద గుర్తు పెట్టుకోవాలని 1979 నాటి డంజన్ మాస్టర్ల పుస్తకం చెప్పింది. అలైన్‌మెంట్ మారిన పాత్ర ఒక స్థాయి కోల్పోయేది. అంటే గడి ఇప్పుడు విధిగా, ఆ విధి తప్పితే పడే శిక్షగా కూడా మారింది. ఈ మూడో పొరకు తెలుగులో ధర్మం అనే మాట దగ్గరగా వస్తుంది.

నా తప్పు నాకు అక్కడ కనిపించింది. ఎవరి వైపు నిలబడ్డావన్నది ఒక ప్రశ్న, ఎలాంటివాడివన్నది మరొక ప్రశ్న, ఎవరికి ఏమి బాకీ పడ్డావన్నది ఇంకొక ప్రశ్న. ఈ మూడింటికీ కలిపి ఒకే జవాబు రాయమని ఆ గడి అడుగుతుంది. బావ తన బాకీ గురించి మాట్లాడుతుంటే నేను అతని పక్షం గురించి తీర్పు చెప్పాను.

బావ రాని రెండో ఆదివారం అతను లేకుండానే మిగిలిన నలుగురం కూర్చున్నాం గాని ఆట సాగలేదు. నేను చదివినదంతా వాళ్లకు చెప్పాను. మాస్టారు అంతా విని, “సరే, అలరాజును ఏ గడిలో పెడతావు?” అని అడిగారు.

ఆయనది పల్నాటి నేల. చిన్నప్పుడు ప్రతి కార్తీకంలో వాళ్ల తాతగారు కారెంపూడి వీరుల తిరునాళ్లకు తీసుకెళ్లేవారట. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజుల ఉత్సవం అది. రెండో రోజైన రాయబారం అలరాజుదే. కథ మన జిల్లాల వాళ్లకు చెప్పనక్కర్లేదు గాని, నా వాదానికి అవసరమైనంతవరకు చెబుతాను. పన్నెండో శతాబ్దంలో పల్నాడు గురజాల, మాచర్ల రాజ్యాలుగా చీలింది. గురజాలలో నలగామరాజు, ఆయన మంత్రి నాగమ్మ. మాచర్లలో మలిదేవరాజు, ఆయన మంత్రి బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన పక్షం ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలని పందెం. మాచర్ల పక్షం ఓడి వెళ్లిపోయింది. గడువు తీరాక తమ రాజ్యం తమకిమ్మని అడగడానికి అలరాజును రాయబారిగా పంపారు. ఆయన మాచర్ల పక్షం మనిషి, నలగామరాజుకు స్వయానా అల్లుడు. ఆ రాయబారంలోనే విషప్రయోగానికి బలయ్యాడు. కారెంపూడి యుద్ధానికి అది నిప్పురవ్వ.

అలరాజు లాఫులా? మామగారి ఇంటికి అల్లుడిగా లోబడి ఉండటం కట్టుబాటు. పంపిన రాజు మాటను మార్చకుండా వినిపించడం కూడా కట్టుబాటే. రెంటిలో ఒకటి నిలబెడితే రెండోది విరుగుతుంది. ‘నియమానికి కట్టుబడినవాడు’ అని గడిలో రాస్తే, ఏ నియమానికి అన్నది చెప్పనంతకాలం అది ఏమీ చెప్పనట్టే.

బ్రహ్మనాయుడి సంగతి ఇంకా లోతైనది. అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టినవాడు, మాలవాడైన కన్నమదాసును సేనానిగా నిలబెట్టినవాడు. ఆనాటి సంఘనియమం దృష్టిలో అంతకంటే పెద్ద ధిక్కారం లేదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకం చేతిలో పెట్టుకుని చూస్తే కెయాటిక్ గుడ్ అని రాయాల్సి వస్తుంది. అదే మనిషి, మోసం చేసి గెలిచారని తన పక్షమంతా నమ్మిన పందానికి కూడా కట్టుబడి ఏడేళ్లు అడవులు పట్టాడు. అప్పుడు లాఫుల్ గుడ్. గడి మారిందని పాత నియమం ప్రకారం ఆయన స్థాయి తగ్గిద్దామా? మనిషి మారలేదు. కులం గీసిన నియమానికి తాను బాకీ లేనని, ఇచ్చిన మాటకు బాకీ ఉన్నానని ఆయన మొదటినుంచీ ఒకే తీరుగా అనుకున్నాడు. నాగమ్మను మాచర్ల పక్షం కథకులు చెడ్డ గడిలో పెడతారు. గురజాల నుంచి చూస్తే, ఆమె తనను నమ్మిన రాజు పక్షాన చివరిదాకా కదలకుండా నిలబడిన మంత్రి.

తమ్ముడు ఒక ప్రత్యామ్నాయం చెప్పాడు. తొమ్మిది గడులు తీసేసి సత్త్వరజస్తమో గుణాలు పెడదామన్నాడు. వినడానికి మన నేలకు తగినట్టే ఉంది. కాని అది గుణం ఒక్కదాన్నే పట్టుకుంటుంది. రజోగుణం ఉన్నవాడు బందిపోటును వదిలేస్తాడా, ఉరి తీస్తాడా అన్న ప్రశ్నకు సాయపడదు. మాకు తగవు వచ్చింది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గర.

ఇక్కడ ఇంకొక విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఆ గడి ఆటగాళ్ల షీట్లకే పరిమితం కాలేదు, రాక్షసుల పుస్తకంలో ప్రతి జాతి పేరు కిందా ఉండేది. ఓర్క్‌లంటే చెడ్డవారు, డ్రౌలంటే చెడ్డవారు అని జాతి మొత్తానికీ ఒకే మాట. ఆడేటప్పుడు దాని సౌకర్యం నాకు తెలుసు. కనిపించినవాణ్ని నరకవచ్చు, ఎవరూ ప్రశ్నించరు. చాలా ఏళ్లు నేనూ అలాగే ఆడించాను. ఒకరోజు అక్క తన బ్యాంకు పని మీద బాపట్ల వైపు వెళ్లి వచ్చి, దారిలో చూసిన స్టువర్టుపురం గురించి చెప్పింది. ఒకప్పుడు మన గుంటూరు జిల్లాలోదే ఆ ఊరు. తెల్లవాళ్లు 1871లో చేసిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కొన్ని సంచార కులాలను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసింది; 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో అమలైంది. ఆ తరువాత ఎరుకల కుటుంబాలను తెచ్చి స్థిరపరిచిన ఊరు స్టువర్టుపురం, నడిపినవారు సాల్వేషన్ ఆర్మీ వాళ్లు. చట్టం 1952లో రద్దయింది. ఊరి పేరు చెబితే ముఖం చిట్లించే అలవాటు మాత్రం మనలో ఇప్పటికీ పోలేదు. పుట్టిన పిల్లవాడి పేరు పక్కన ‘చెడ్డ’ అని రాసి ఉంచిన పుస్తకం మన పక్క జిల్లాలోనే నడిచిందని తెలిశాక, మా బల్ల మీద ఓర్క్ పిల్లల పేరు పక్కన ఆ మాట ఉంచడానికి నాకు చేయి రాలేదు. ఆట ప్రచురణకర్తలు కూడా 2020లో, ఓర్క్‌లను, డ్రౌలను ఇతర ప్రజల్లాగే నైతికంగా సంక్లిష్టమైనవారిగా చిత్రిస్తామని ప్రకటించారు. పాత్‌ఫైండర్ అనే మరో పెద్ద ఆట 2023లో తన నియమాలను తిరగరాసినప్పుడు అలైన్‌మెంట్‌నే పూర్తిగా తొలగించి, ఆ పాత్ర చేయవలసినవి, చేయకూడనివి రాసుకునే పద్ధతి పెట్టింది. నా దృష్టిలో అది సరైన అడుగు.

అయితే అలైన్‌మెంట్ తీసేసి ఆ చోటును ఖాళీగా వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఆ గడిని తిట్టేవారు సాధారణంగా ఇక్కడ ఆగిపోతారు. ఆ గడి ఎన్ని తప్పులు చేసినా, కత్తీ డాలూ కొనుక్కునే ముందే కొత్త ఆటగాణ్ని కూర్చోబెట్టి ‘నీ మనిషి ఎలాంటివాడు’ అని అడుగుతుంది. ఆ ప్రశ్న పోతే పాత్ర అంకెల మూటగా మిగులుతుంది.

అందుకని షీట్ మీద ఆ గడిని కొట్టేసి మూడు వరుసలు గీశాం. మొదటి వరుస పక్షం. అక్కడ ఒక రాజ్యం పేరో, కుటుంబం పేరో, గుడి పేరో రాయాలి. ‘మంచి పక్షం’ అని రాయడానికి వీల్లేదు. రెండో వరుస గుణం. ఇక్కడ గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో తెచ్చిన కింగ్ ఆర్థర్ పెండ్రాగన్ అనే ఆట నుంచి అప్పు తెచ్చుకున్నాం. అందులో పదమూడు జతల గుణాలుంటాయి. ఒక్కో జతలో రెండు అంకెలూ కలిపి ఇరవై కావాలి. దయ పన్నెండైతే క్రౌర్యం ఎనిమిది. దయ మీద పాచిక వేసి పన్నెండో అంతకు తక్కువో పడితే ఆ వీరుడు దయ చూపిస్తాడు. అలైన్‌మెంట్ మనిషిని ఒక పెట్టెలో మూసేస్తే, ఇది అతనిలోని రెండు వైపులనూ తూకం వేస్తుంది. పని చేసిన కొద్దీ ఆ తూకం మారుతుంది. మాకు పదమూడు జతలు ఎక్కువనిపించి నాలుగు ఉంచుకున్నాం: దయ–కాఠిన్యం, ఓర్పు–కోపం, ఔదార్యం–లోభం, నమ్మకం–అనుమానం. ఆటగాడు తన పాత్ర ఏం చేస్తుందో తేల్చుకోలేనప్పుడు, తనే కావాలన్నప్పుడు మాత్రమే ఈ పాచిక వేస్తాం. నేను అడిగి వేయించను. ఒక్కసారి బావ నిర్ణయాన్ని నా చేతిలోకి తీసుకున్న ఫలితం చూశాక ఈ షరతు నేనే పెట్టాను.

మూడో వరుస పేరు మాట. దాన్ని చూస్తే నాకు అన్నిటికంటే సంతోషంగా ఉంటుంది. పాత్ర ఎవరికి ఏ మాట ఇచ్చిందో, ఇచ్చిన రోజున, విన్నవారి పేరుతో సహా అక్కడ రాయాలి. ఆట మొదట్లో అది ఖాళీగా ఉంటుంది. నెరవేరినది కొట్టేస్తాం, తప్పినదాని కింద గీత గీస్తాం. గీత పడినందుకు డంజన్ మాస్టర్‌గా నేను శక్తులు తీసేయను. ఆ మాట విన్న పాత్ర కథలో ఎక్కడున్నా దాన్ని గుర్తుంచుకుంటుంది, అంతే. అక్క పాత్ర దొంగ. పాత షీట్ మీద ఆమెకు కెయాటిక్ న్యూట్రల్ అని ఉండేది. మూడు నెలల తరువాత చూస్తే, ఆమె మాట వరుసలో తొమ్మిది పేర్లున్నాయి, ఒక్కదాని కిందా గీత లేదు. పాలడిన్ కంటే దొంగే మాట మీద నిలబడిందని మాకు ఆ కాగితం చూసేదాకా తెలియలేదు.

కొత్త షీట్ పట్టుకుని నేనే గుంటూరు వెళ్లాను. అత్తయ్య భోజనం పెట్టేదాకా ఆట ఊసు ఎత్తలేదు. తరువాత బావతో, ఆ రోజు నేను చెప్పిన తీర్పు తప్పని, పాలడిన్ శక్తులు పోలేదని చెప్పాను. బావ షీట్ తీసుకుని చాలాసేపు చూశాడు. పక్షం వరుసలో రాజు పేరే రాశాడు. మాట వరుసలో మొదట రాజుకు చేసిన ప్రమాణం, దాని కింద బందిపోటుకు ఇచ్చిన మాట రాశాడు. రాజు ప్రమాణం కింద గీత కూడా తనే గీసుకున్నాడు.

“శక్తులు ఉంటే ఉండనీరా. రాజు దగ్గరికి మాత్రం వెళ్లాలి” అన్నాడు.

ఆ ఆదివారం పాలడిన్ సభలోకి వెళ్లి, ఖైదీని వదిలింది తానేనని, ఆ ఉరి తనకు వేయమని చెప్పాడు. ఈ సన్నివేశాన్ని నేను ముందుగా రాసుకోలేదు. రాజు పాత్రకు కూడా నాలుగు జతలు వేసి ఉంచాను. అతని దయ ఏడు, కాఠిన్యం పదమూడు. ఏం చేయాలో నాకే తోచక రాజు దయ మీద అందరి ముందూ పాచిక వేశాను. అయిదు పడింది. ఉరి తప్పింది. కాని ఆజ్ఞ ధిక్కరించినవాణ్ని సభలో నిలుపుకోలేని రాజు ఏం చేస్తాడని మాస్టారి వైపు చూశాను. ఆయన నవ్వి ఏడు వేళ్లు చూపించారు.

ఇప్పుడు మా కథలో పాలడిన్ ప్రవాసానికి రెండో ఏడు నడుస్తోంది. మిగిలిన ముగ్గురూ అతని వెంటే వెళ్లారు. ఆ బందిపోటు నది దాటి ఎక్కడికి వెళ్లాడో, ఏం చేస్తున్నాడో నా నోటు పుస్తకంలో ఉంది. బావ ఇంతవరకు అడగలేదు.